ఉత్తర్వు నిలబడకపోతే రిసీవర్ ఖర్చు ఎవరు భరించాలి: ఈస్టెండర్స్ కేసు పరిశీలన

2014 మే 8న బ్రిటన్ సుప్రీంకోర్టు ఈస్టెండర్స్ కేసులో ఇచ్చిన తీర్పును ([2014] యుకెఎస్‌సి 26) పైపైన చదివితే ఒక ఫీజు తగాదాలా కనిపిస్తుంది. నేరార్జితమని అనుమానించిన ఆస్తులను కాపాడటానికి కోర్టు ఒక రిసీవర్‌ను నియమించింది, ఆయన పని చేశారు, ఆ తర్వాత ఆ నియామకమే చెల్లదని పై కోర్టు చెప్పింది, ఆయన ఫీజు, ఖర్చులు కలిపి 7 లక్షల పౌండ్లకు పైగా తేలిన మొత్తాన్ని ఎవరు ఇవ్వాలన్నది మాత్రమే చివరికి మిగిలిన ప్రశ్న. రిసీవర్ల పక్షానా, రిసీవర్ల నియామకాన్ని వ్యతిరేకించే పక్షానా వాదించిన న్యాయవాదిగా, ఈ రంగంలో ముందుగా చదవవలసిన తీర్పుల్లో దీనిని మొదట ఉంచుతాను. ఆ ఫీజు ప్రశ్నను తవ్వుకుంటూ వెళ్తే, అసలు రిసీవర్‌ను అడిగే హక్కు ఎప్పుడు పుడుతుంది, ఆ అడగడంలో ఉన్న ప్రమాదం ఎవరి నెత్తిన పడాలి అన్న ప్రశ్నల వరకు కోర్టు వెళ్లవలసి వచ్చింది.

చట్టం ఇచ్చిన రెండు అధికారాలు

ఇంగ్లాండ్, వేల్స్‌లలో ఈ వ్యవహారాలకు ఆధారం 2002 నాటి ప్రొసీడ్స్ ఆఫ్ క్రైమ్ చట్టం. అందులోని సెక్షన్ 41 కింద క్రౌన్ కోర్టు (తీవ్రమైన నేరాలను విచారించే కోర్టు) ఆస్తి స్తంభన ఉత్తర్వు, అంటే ఆస్తిని అమ్మకుండా, తరలించకుండా ఆపే ఉత్తర్వు ఇవ్వగలదు. నేరం రుజువై, చివరికి కాన్ఫిస్కేషన్ ఉత్తర్వు (నేరం వల్ల వచ్చిన లాభాన్ని రాబట్టే ఉత్తర్వు) వచ్చే నాటికి వసూలు చేయడానికి ఏమైనా మిగిలి ఉండాలన్నది దాని ఉద్దేశం. అందుకే నేర విచారణ ముగియకముందే, కొన్నిసార్లు అభియోగం నమోదు కాకముందే, అవతలి పక్షానికి నోటీసు లేకుండానే దానిని ఇవ్వవచ్చు. అయితే సెక్షన్ 40లోని షరతులు తీరాలి. ఈ కేసు నాటికి వాటిలో ముఖ్యమైనది, నిందితుడు తన నేర ప్రవర్తన వల్ల లాభం పొందాడని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉండటం. స్తంభన ఉత్తర్వు ఉన్న ఆస్తి మీద రిసీవర్‌ను నియమించే అధికారం సెక్షన్ 48 ఇస్తుంది. ఆ రిసీవర్ ఆస్తిని స్వాధీనం చేసుకోవడం, నిర్వహించడం, తన ఫీజుకూ ఖర్చులకూ అవసరమైనంత మేర అందులోంచి అమ్ముకోవడం వంటి అధికారాలు సెక్షన్ 49లో ఉన్నాయి.

మొదటి ఉత్తర్వుకూ రెండవదానికీ మధ్య ఉన్న దూరాన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. స్తంభన ఉత్తర్వు వల్ల బ్యాంకు ఖాతాలోని సొమ్ము కదలదు, ఇల్లు అమ్ముడుపోదు, కానీ ఆ ఆస్తి అక్కడే ఉంటుంది, దానిని అక్కడ ఉంచడానికి పెద్దగా ఖర్చు కాదు. యజమాని జీవనానికి, వ్యాపారానికి కావలసిన సహేతుకమైన ఖర్చులకు మినహాయింపులు ఇచ్చే వీలు కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది. రిసీవర్ వచ్చిన క్షణం నుంచి మాత్రం ఆ ఆస్తి తన కాపలా ఖర్చును తానే భరించుకోవాలి. ఆస్తి విలువను కాపాడాలని సెక్షన్ 69 కోర్టునూ రిసీవర్‌నూ ఆదేశిస్తున్నా, కాపాడే పని సాగుతున్నన్నాళ్లూ ఆ విలువ కొంచెం కొంచెంగా కరుగుతూనే ఉంటుంది.

నడుస్తున్న వ్యాపారం మీద రిసీవర్

ఈస్టెండర్స్ ఒక కంపెనీల సముదాయం. మద్యాన్ని టోకున, క్యాష్ అండ్ క్యారీ పద్ధతిలో అమ్మే వ్యాపారం వారిది. మద్యం మీద ఎక్సైజ్ సుంకాన్ని, వ్యాట్‌ను ఎగవేసే కుట్రలో ఇద్దరు వ్యక్తులు, మరికొందరు పాల్గొన్నారన్న అనుమానంతో దర్యాప్తు సాగింది. ఆ దశలో ప్రభుత్వం తరఫున నేర కేసులు నడిపే క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీస్ 2010 చివరలో లండన్‌లోని సెంట్రల్ క్రిమినల్ కోర్టును ఆశ్రయించి, ఆ వ్యక్తుల ఆస్తులతో పాటు కంపెనీల ఆస్తుల మీద కూడా స్తంభన ఉత్తర్వును, రిసీవర్ నియామకాన్ని ఏకపక్షంగా పొందింది. కంపెనీలు నిందితులు కావు. ఆ కంపెనీలు నిజానికి ఆ వ్యక్తుల చేతి కీలుబొమ్మలని, కాబట్టి కంపెనీ ముసుగు తొలగించి, అంటే కంపెనీ వేరు, దాని వెనకున్న మనిషి వేరు అన్న చట్టపు తేడాను పక్కన పెట్టి, వాటి ఆస్తులను ఆ వ్యక్తుల ఆస్తులుగానే చూడాలని ప్రాసిక్యూషన్ వాదించింది. ఈ వాదనకు అండగా 1996 నాటి ఒక అప్పీల్ కోర్టు తీర్పు ఉంది. సుంకం ఎగవేతకు కుటుంబ కంపెనీలను సాధనంగా వాడుకున్నారన్న ఆరోపణ ఉన్న ఆ కేసులో, కంపెనీల సరుకును నిందితుల ఆస్తిగా భావించి స్తంభన కొనసాగించడానికి కోర్టు అంగీకరించింది.

టోకు మద్యం వ్యాపారం వంటి దానిని బయటివాడు చేతిలోకి తీసుకుంటే ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫీజు అంత పెద్దదెందుకు అయిందన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. సరుకు గోదాముల్లో ఉంటుంది. ఏ సరుకుకు సుంకం కట్టారు, దేనికి కట్టలేదు అన్నది కాగితాలతో పోల్చి చూడకుండా ఒక్క పెట్టె కూడా బయటకు పంపడం ప్రమాదం, ఎందుకంటే సుంకం కట్టని సరుకును రిసీవరే అమ్మితే ఆ తప్పు కోర్టు అధికారి చేసినట్టవుతుంది. సరఫరాదారులు అప్పు మీద సరుకు ఇచ్చేది తమకు తెలిసిన మనుషులను చూసి కాబట్టి, రిసీవర్ వచ్చాడని తెలిసిన రోజే నగదు ఇస్తేనే సరుకు అంటారు. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ ఆపుతుంది. ఉద్యోగుల జీతాలు, గోదాము అద్దె, బీమా, భద్రత ఆగవు. రిసీవర్ ఒక్కడే రాడు, లెక్కల నిపుణులు, సరుకు లెక్కించేవారు, న్యాయవాదులు వెంట వస్తారు, వారి గంటల లెక్క మొదటి గంట నుంచే మొదలవుతుంది. వ్యాపారానికున్న పేరును, గిరాకీని కూడా కాపాడటం రిసీవర్ బాధ్యతేనని 1912 నాటి న్యూడిగేట్ కోలియరీ తీర్పు నుంచి స్థిరపడిన సూత్రం. అంటే ఖర్చు తగ్గించుకోవడానికి షట్టర్ దించి కూర్చోవడం కూడా ఆయనకు సాధ్యం కాదు. నేను ఒకసారి రిసీవర్ పక్షాన పనిచేసిన చాలా చిన్న వ్యాపారంలోనే, మొదటి నెల ముగిసేసరికి కాపలా, లెక్కల ఖర్చు అమ్మకాల మీద వచ్చిన లాభాన్ని మించిపోయింది. ఆ లెక్కలను న్యాయమూర్తి ముందు ఉంచినప్పుడు కోర్టు హాలంతా నిశ్శబ్దమైపోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

నియామకం ఎలా కూలింది

కంపెనీలు, ఆ వ్యక్తులు అప్పీలుకు వెళ్లారు. 2011 ఆరంభంలోనే అప్పీల్ కోర్టు క్రిమినల్ విభాగం ([2011] ఇడబ్ల్యూసిఎ క్రిమ్ 143) కంపెనీల మీది ఉత్తర్వులను రద్దు చేసింది. కంపెనీల ఆస్తులను ఆ వ్యక్తుల ఆస్తులుగా చూడటానికి వాదించదగిన బలమైన కేసును ప్రాసిక్యూషన్ చూపలేకపోయిందన్నది సారాంశం. ముందు తీర్పులో ముసుగు తొలగించారు కాబట్టి ఇక్కడా తొలగించవచ్చన్న ఆలోచన చెల్లదని, ప్రతి కంపెనీ విషయంలోనూ ఆ వ్యాపారం ఎవరి అధీనంలో, ఏ పనికోసం నడుస్తోందో సాక్ష్యం కావాలని ఈ తీర్పు చదివినవారికి స్పష్టమవుతుంది. వ్యాపారంలో కొంత భాగం మోసపూరితమైనదన్న అనుమానం ఒక్కటే మొత్తం కంపెనీని నిందితుడి జేబుగా మార్చదు. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రెస్ట్ తీర్పు కంపెనీ ముసుగు తొలగించే సందర్భాలను మరింత కుదించింది. ఆ దృష్టితో చూస్తే 2011 నాటి ఫలితం నేటికి ఇంకా బలంగా నిలుస్తుంది.

రద్దు ఉత్తర్వుతో కంపెనీలు తమ వ్యాపారాన్ని తిరిగి పొందాయి. రిసీవర్ బిల్లు మాత్రం అలాగే ఉండిపోయింది.

రెండు దారులు, రెండూ మూసినట్టే

రిసీవర్ ముందు సిద్ధాంతపరంగా రెండు దారులున్నాయి. ఒకటి కంపెనీల ఆస్తులు, రెండవది తనను పని చేయమని అడిగిన ప్రాసిక్యూషన్. రెండూ కాకపోతే మిగిలేది తన సొంత జేబు.

మొదటి దారికి పాత తీర్పుల బలం ఉంది. కోర్టు నియమించిన రిసీవర్ ఏ పక్షానికీ ఏజెంటు కాదు, తన ఫీజు కోసం, ఖర్చుల కోసం తన చేతిలో ఉన్న ఆస్తినే చూసుకోవాలి తప్ప కక్షిదారులను వ్యక్తిగతంగా అడగలేడు అని 1911లో బోహెమ్ వర్సెస్ గుడాల్ కేసులో జస్టిస్ వారింగ్టన్ చెప్పినది శతాబ్దకాలంగా నిలిచిన సూత్రం. నేరార్జిత ఆస్తుల రిసీవర్లకు కూడా ఇదే వర్తిస్తుందని 2002లో హ్యూస్ కేసులో అప్పీల్ కోర్టు తేల్చింది. నిందితుడు చివరికి నిర్దోషిగా తేలినా, నేరంతో సంబంధం లేని మూడో వ్యక్తికి ఆ ఆస్తిలో వాటా ఉన్నా, రిసీవర్ ఖర్చు ఆ ఆస్తి నుంచే పోతుందన్న ఆ తీర్పు చదివితే నాకు ఎప్పుడూ మనసు కలత చెందుతుంది, కానీ దాని తర్కం అర్థమవుతుంది. ఉత్తర్వు ఇచ్చిన నాడు అది సరైనదే, సమాజానికి అవసరమైన ఒక రక్షణ చర్యకు ఆ ఆస్తి గురైంది, దాని భారం ఆ ఆస్తి మీదే పడింది. 2007లో కేప్‌వెల్ కేసులో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఈ స్థితిని బలపరిచింది.

ఈస్టెండర్స్‌లో తేడా ఒక్కటే, కానీ అది మొత్తం లెక్కను మార్చే తేడా. ఇక్కడి ఉత్తర్వు కాలం గడిచాక అనవసరంగా మారినది కాదు, మొదటి రోజునే ఇవ్వకూడనిది. అందుకే కింది కోర్టుల్లోనే కంపెనీలు భరించనక్కరలేదన్న అభిప్రాయం ఏర్పడింది. అయితే 2012లో అప్పీల్ కోర్టు ప్రాసిక్యూషన్ నుంచి కూడా రిసీవర్‌కు ఏమీ రాదని తీర్పు చెప్పడంతో ([2012] ఇడబ్ల్యూసిఎ క్రిమ్ 2436) నిజాయితీగా పనిచేసిన కోర్టు అధికారి రిక్తహస్తాలతో నిలబడవలసి వచ్చింది. కోర్టు ఆజ్ఞ ఉన్నంత కాలం దానిని పాటించడం తప్ప మరో దారి లేని మనిషికి ఇలాంటి ఫలితం రావడం ఆయన ఒక్కడి సమస్య కాదు. ఇలా జరిగితే అనుభవం ఉన్న ఏ చార్టర్డ్ అకౌంటెంట్ రేపు ఈ పనికి ముందుకు వస్తాడు?

సుప్రీంకోర్టు ఎలా ఆలోచించింది

అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తరఫున లార్డ్ టౌల్సన్ రాసిన తీర్పు ముందు కంపెనీల వైపు చూసింది. యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడిక మొదటి ప్రోటోకాల్ మొదటి అధికరణం మనుషులకే కాదు, కంపెనీల వంటి న్యాయిక వ్యక్తులకు కూడా తమ ఆస్తిని ప్రశాంతంగా అనుభవించే హక్కు ఇస్తుంది. ప్రజా ప్రయోజనం కోసం ఆ హక్కులో జోక్యం చేసుకోవచ్చు, కానీ సమతూకం ఉండాలి. తమ ఆస్తి నిందితుల ఆస్తి అని నమ్మడానికి సహేతుకమైన కారణమే లేని కంపెనీల నుంచి, ఇవ్వకూడని ఉత్తర్వు కింద జరిగిన పనికి లక్షల పౌండ్లు తీసుకోవడం ఆ సమతూకాన్ని పూర్తిగా చెడగొడుతుంది. హ్యూస్, కేప్‌వెల్ తీర్పులను కోర్టు పక్కన పెట్టలేదు. సరైన ఆధారంతో ఇచ్చిన ఉత్తర్వుల విషయంలో అవి అలాగే నిలుస్తాయి. పునాది లేని ఉత్తర్వుకు వాటిని వర్తింపజేయడం మాత్రం కుదరదన్నది.

రెండవ అడుగు నాకు ఈ తీర్పులో అన్నిటికంటే ఆసక్తికరమైనది. రిసీవర్ ప్రాసిక్యూషన్ ఉద్యోగి కాడు, ఆయనను నియమించింది కోర్టు. అయినా ఆయన ఈ పనికి ఒప్పుకున్నది ప్రాసిక్యూషన్ అడిగినందుకు, తన ఫీజుకు ఆస్తుల మీద హక్కు ఉంటుందన్న ఉభయుల అవగాహన మీద. ఆ అవగాహన ఒప్పందానికి పక్కన ఉన్న చిన్న షరతు కాదు, ఆ పని మొత్తం నిలబడిన నేల. చట్టరీత్యా ఆ హక్కు ఆయనకు లేకుండా పోయినప్పుడు, పని ఏ ఆధారం మీద జరిగిందో ఆ ఆధారం పూర్తిగా కూలిపోయింది. అడిగి చేయించుకున్న పనికి ప్రతిఫలం ఇవ్వకుండా ప్రాసిక్యూషన్ తప్పుకుంటే అది అనుచిత లబ్ధి అవుతుంది. కాబట్టి రిసీవర్ తన ఫీజును, ఖర్చులను ప్రాసిక్యూషన్ నుంచి రాబట్టుకోవచ్చు. వ్యాపార ఒప్పందాలు మధ్యలో విఫలమైనప్పుడు చెల్లించిన సొమ్మును తిరిగి ఇప్పించడానికి వాడే సూత్రాన్ని, ప్రభుత్వ ప్రాసిక్యూషన్ అడిగిన సేవకు వర్తింపజేయడం ఇక్కడ కోర్టు వేసిన కొత్త అడుగు.

ఫలితం న్యాయమైనదేనని నేను నమ్ముతాను. ఆ మార్గం ఎంత గట్టిదన్నది మాత్రం ఆలోచించవలసిన విషయం. ఈ హక్కు ప్రాసిక్యూషన్‌కూ రిసీవర్‌కూ మధ్య కుదిరిన అవగాహన నుంచి పుట్టింది కనుక, తర్వాతి ఒప్పంద పత్రాల్లో ‘నియామకం రద్దయినా ప్రాసిక్యూషన్ బాధ్యత వహించదు, ఆ ప్రమాదం రిసీవర్‌దే’ అని స్పష్టంగా రాస్తే ఏమవుతుంది? ఒప్పందం ప్రమాదాన్ని ఒకరి మీద పెట్టిన చోట అనుచిత లబ్ధి వాదన బలహీనపడుతుంది. అందుకే రిసీవర్లుగా వెళ్లేవారికి నేనిచ్చే మొదటి సలహా, కోర్టు ఉత్తర్వు కంటే ముందు నియామక ఒప్పంద పత్రాన్ని చదవమని. అలాంటి నిబంధన కనిపిస్తే పని ఒప్పుకోకముందే దానిని తొలగించమని అడగాలి.

ఈ తీర్పు తాకని మరో నష్టం కూడా ఉంది. కంపెనీలు రిసీవర్ ఫీజు భారం నుంచి బయటపడ్డాయి గాని, ఆ వారాల్లో పోయిన గిరాకీ, చెడిన సరఫరా సంబంధాలు ఈ తీర్పు పరిధిలోకి రావు. సివిల్ కేసుల్లో స్తంభన ఉత్తర్వు కోరే పక్షం, అది తప్పని తేలితే నష్టపరిహారం చెల్లిస్తానని కోర్టుకు హామీ ఇవ్వడం ఆనవాయితీ. ఈ చట్టం కింద ప్రాసిక్యూషన్ నుంచి అటువంటి హామీని స్తంభన ఉత్తర్వు సందర్భంలో కోర్టు కోరరాదని క్రిమినల్ ప్రొసీజర్ నియమాలు చెబుతున్నాయి. సెక్షన్ 72 కింద పరిహారం ఉంది, కానీ దర్యాప్తు, ప్రాసిక్యూషన్ పక్షాన తీవ్రమైన లోపం ఉందని రుజువు కావాలి. పొరపాటున, మంచి ఉద్దేశంతో కోరిన ఉత్తర్వు ఒక వ్యాపారాన్ని నాశనం చేస్తే ఆ సెక్షన్ దగ్గర ఆశ్రయం దొరకడం కష్టం. ఈ పరిస్థితిలో, ఉత్తర్వు తప్పయితే కనీసం రిసీవర్ బిల్లు తమ మీదికి వస్తుందన్న భయం ఒక్కటే అడిగే పక్షాన్ని ఆలోచింపజేసే ఆర్థిక కళ్లెం. ఈస్టెండర్స్ అమర్చిన కళ్లెం అదే.

మొదటి గంటలో జరగవలసిన పని

నోటీసు లేకుండా అడిగే దరఖాస్తులో తమకు వ్యతిరేకమైన వాస్తవాలను కూడా పూర్తిగా కోర్టు ముందు పెట్టాలని, వేల పేజీల సాక్ష్యాన్ని చదవడానికి న్యాయమూర్తికి తగిన సమయం ఇవ్వాలని, రిసీవర్ నియామకం వంటి కఠినమైన చర్యను కోరేముందు చట్టం షరతులు తీరాయా అని నిశితంగా పరీక్షించాలని సుప్రీంకోర్టు గట్టిగా గుర్తుచేసింది. ఇది వినడానికి అందరికీ తెలిసిన మాటే. ఆచరణలో మాత్రం ఈ దరఖాస్తులు తరచుగా రోజు చివర, అత్యవసరమని చెబుతూ, ఒక సారాంశ ప్రకటన ఆధారంగా కోర్టు ముందుకు వస్తాయి. ఆ సారాంశం రాసినవారికి కేసు మీద నమ్మకం ఉంటుంది, ఆ నమ్మకం ప్రతి వాక్యంలోనూ ఇంకిపోయి ఉంటుంది, ఎదురు చెప్పడానికి అవతలి పక్షం ఉండదు.

తీర్పు వచ్చిన ఏడాదికే చట్టం మరింత సడలింది. 2015 నాటి సీరియస్ క్రైమ్ చట్టం సెక్షన్ 40ని సవరించి, దర్యాప్తు దశలో ‘నమ్మడానికి సహేతుకమైన కారణం’ అన్న గీటురాయి స్థానంలో ‘అనుమానించడానికి సహేతుకమైన ఆధారాలు’ అన్న తక్కువ గీటురాయిని తెచ్చింది. స్తంభన ఉత్తర్వు ఇప్పుడు సులభంగా దొరుకుతుంది కాబట్టి, దాని మీద రిసీవర్‌ను నియమించడం అంత సులభంగా జరగకూడదన్న వాదనకు ఈ మార్పు బలమిస్తుందని నా అభిప్రాయం. మూడో పక్షం కంపెనీల ఆస్తుల విషయంలో ‘వాదించదగిన బలమైన కేసు’ అన్న పరీక్ష ఈ సవరణ తాకిన షరతు కాదు, అది విడిగా తీరవలసిందే.

మన దేశంలో ఈ అధికారాల రూపం వేరు. మనీ లాండరింగ్ నిరోధక చట్టం, 2002 కింద తాత్కాలిక జప్తు ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ చేస్తుంది, 180 రోజుల లోపు అడ్జుడికేటింగ్ అథారిటీ దానిని ధ్రువీకరించాలి, స్వాధీనమైన ఆస్తుల నిర్వహణకు సెక్షన్ 10 కింద కేంద్ర ప్రభుత్వం అడ్మినిస్ట్రేటర్లను నియమిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 107 నేరార్జిత ఆస్తి జప్తును కోర్టు చేతిలో పెట్టింది, 14 రోజుల నోటీసు, అత్యవసరమైతే ఏకపక్ష మధ్యంతర ఉత్తర్వు, చివరికి జిల్లా మేజిస్ట్రేట్ ద్వారా బాధితులకు పంపిణీ వంటి దశలు అందులో ఉన్నాయి. నడుస్తున్న ఒక మిల్లునో, ఆసుపత్రినో జప్తు చేస్తే అది మధ్యకాలంలో ఎవరి చేతుల్లో, ఎవరి ఖర్చుతో నడవాలన్నది మాత్రం ఆ సెక్షన్ స్పృశించలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 40లో రిసీవర్ ఫీజును కోర్టు నిర్ణయించడం, ఆయన జామీను ఇచ్చి లెక్కలు చెప్పడం వంటి నియమాలున్నాయి. ఉత్తర్వే చెల్లకపోతే ఆ ఫీజు ఎవరిదన్న ప్రశ్న ఇక్కడి కోర్టు ముందుకు వచ్చిన రోజున ఈస్టెండర్స్ తీర్పును మార్గదర్శకంగా ఉటంకించడానికి మనకు తగిన కారణం ఉంటుంది.

నా ఆఫీసులో రిసీవర్‌ను కోరే ప్రతి పిటిషన్ ముసాయిదాలోనూ ఇప్పుడు ఒక పేరా తప్పనిసరిగా చేర్పిస్తున్నాను. వారానికి రిసీవర్ ఖర్చు ఎంత అవుతుందని అంచనా, ఆ వ్యాపారం వారానికి ఎంత సంపాదిస్తుంది, స్తంభన ఉత్తర్వు ఒక్కటే ఎందుకు చాలదు, ఉత్తర్వు రద్దయితే ఆ ఖర్చును ఏ నిధి నుంచి కడతారు అన్న నాలుగు విషయాలకు అంకెలతో జవాబు అందులో ఉండాలి. ఆ పేరా రాయలేకపోయిన రెండు సందర్భాల్లో మా క్లయింట్ చివరికి స్తంభన ఉత్తర్వుతోనే సరిపెట్టుకున్నారు, రిసీవర్‌ను అడగలేదు.